నలభై తర్వాత సి.కె. నాయుడు

మొన్న దసరాకి కోస్గి వెళ్లినప్పుడు మా నాయిన ఒక సంగతి చెప్పాడు. హైదరాబాద్‌లో ట్రయాథ్లాన్ పెడతారట, వచ్చే ఏడాది తను కూడా అందులో దిగుతాడట. ముందు ఈత, ఆ వెంటనే సైకిల్, ఆ వెంటనే పరుగు. మధ్యలో ఆగేది లేదు. చిన్న పోటీలో 750 మీటర్లు ఈదాలి, 20 కిలోమీటర్లు తొక్కాలి, 5 కిలోమీటర్లు ఉరకాలి. ఒలింపిక్స్‌లో ఉండేది దీనికి సరిగ్గా రెట్టింపు. మా నాయినకు నలభై ఏడేళ్లు. రెండేళ్ల కింద షుగర్ బయటపడింది. పొద్దున తెరిస్తే రాత్రి దాకా షాపే. కుర్చీలోంచి లేచేది అన్నం తినడానికీ, షట్టర్ దించడానికీ, అంతే.

నేను నవ్వాను. ఈ వయసులో ఇవన్నీ ఎందుకు నాయినా, పొద్దున పూట నాలుగడుగులు నడిస్తే చాలదా అన్నాను. ఆయన ఏమీ అనలేదు. లెక్కల పుస్తకం ముందుకు లాక్కున్నాడు. చిన్నప్పుడు నడుముకు సొరకాయ బుర్ర కట్టుకుని బాయిలో ఈత నేర్చుకున్న మనిషి ఆయన. నవ్విన నాకేమో ఈతే రాదు. హాస్టల్‌లో మూడో అంతస్తు ఎక్కేసరికి ఆయాసం వస్తుంది.

కాలేజీకి తిరిగొచ్చాక ఈ సంచికకు ఒక జీవితకథ రాయమన్నారు. క్రికెటర్ అయితే తొందరగా అయిపోతుందనుకుని సి.కె. నాయుడిని తీసుకున్నాను. మనలో చాలామందికి ఆయన ఒక ట్రోఫీ పేరు. అండర్ 23 కుర్రాళ్లు ఆడే టోర్నమెంట్ ఆయన పేరు మీదే ఉంది. జీవితకాల సాఫల్యానికి బోర్డు ఇచ్చే అవార్డు కూడా ఆయన పేరు మీదే. నాకు తెలిసింది కూడా అంతవరకే. కానీ ఆయన గురించి చదువుతూ పోతుంటే నాకు మాటిమాటికీ మా షాపులో నేను నవ్విన నవ్వే గుర్తొచ్చింది. ఎందుకో చెప్తాను.

ఆయన పూర్తి పేరు కొట్టారి కనకయ్య నాయుడు. నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబంలో 1895 అక్టోబర్ 31న పుట్టాడు. 1916లో బొంబాయిలో హిందువుల జట్టు తరఫున యూరోపియన్ల జట్టు మీద మొదటి పెద్ద మ్యాచ్ ఆడాడు. అప్పట్లో జట్లు అలాగే ఉండేవి, మతం పేరు మీద. ఆ మ్యాచ్‌లో ఆయన చేసిన మొట్టమొదటి పరుగులే సిక్సర్ రూపంలో వచ్చాయి. 1923లో ఇండోర్ మహారాజు హోల్కర్ పిలిచి తన సైన్యంలో కెప్టెన్ హోదా ఇచ్చాడు. అప్పటి నుంచి ఇండోరే ఆయన ఊరైంది.

1926లో ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వంలో ఇంగ్లండ్ నుంచి ఎం.సి.సి. జట్టు వచ్చింది. బొంబాయి జింఖానా మైదానంలో నాయుడు వాళ్ల మీద రెండు గంటల లోపే 153 కొట్టాడు, అందులో 11 సిక్సర్లు. మన దేశానికి టెస్ట్ మ్యాచ్ ఆడే అర్హత ఉందని ఇంగ్లండ్ వాళ్లు ఆలోచించడానికి ఆ ఇన్నింగ్స్ కూడా ఒక కారణమని చెప్తారు. ఎం.సి.సి. ఆయనకు వెండి బ్యాట్ బహూకరించింది.

ఇక్కడి నుంచి వయసు లెక్క చూడండి. మన దేశం మొదటి టెస్ట్ 1932 జూన్ 25న లార్డ్స్‌లో మొదలైంది. పర్యటనకు నాయకుడు పోర్‌బందర్ మహారాజు. ఆయన తనంతట తానే పక్కకు తప్పుకున్నాడు. ఉపనాయకుడు లింబ్డీ రాజకుమారుడికి దెబ్బ తగిలింది. దాంతో నాయుడు టాస్‌కి వెళ్లాడు. భారత్ మొదటి టెస్ట్ కెప్టెన్ అయ్యాడు. అప్పటికి ఆయనకు ముప్పై ఆరేళ్లు. ఇప్పుడు ఆ వయసు ఆటగాడు ఒక మ్యాచ్‌లో ఫెయిలైతే రిటైర్మెంట్ ఎప్పుడని మనమే కామెంట్లు పెడతాం. ఆయనకు అది మొదటి టెస్ట్. ఫీల్డింగ్‌లో చేతికి దెబ్బ తగిలినా మొదటి ఇన్నింగ్స్‌లో 40 కొట్టాడు. జట్టులో అదే ఎక్కువ స్కోరు. మ్యాచ్ 158 పరుగుల తేడాతో ఓడిపోయాం. ఆ పర్యటనలో నాయుడు మొత్తం 32 సిక్సర్లు కొట్టాడు. మరుసటి ఏడాది విజ్డెన్ ఎంపిక చేసిన ఐదుగురు ఆటగాళ్లలో ఆయన ఒకడు. 1933-34లో జార్డిన్ జట్టు ఇక్కడికి వచ్చినప్పుడు మూడు టెస్టులకూ ఆయనే నాయకుడు.

1936లో మళ్లీ ఇంగ్లండ్ పర్యటన. ఈసారి నాయకత్వం విజయనగరం మహారాజకుమార్ విజ్జీకి ఇచ్చారు. ఆట విషయంలో ఇద్దరికీ పోలికే లేదు. అయినా నాయుడు ఆ జట్టులో ఆటగాడిగా వెళ్లాడు. ఓవల్‌లో జరిగిన చివరి టెస్టులో గబ్బీ అలెన్ వేసిన బంతి ఒంటికి గట్టిగా తగిలింది. నొప్పి ఓర్చుకుని ఆడి 81 పరుగులు చేశాడు. టెస్టుల్లో అదే ఆయన అత్యధిక స్కోరు, అదే ఆఖరి మ్యాచ్ కూడా. ఆ తర్వాత పదేళ్ల పాటు మన దేశం టెస్టులే ఆడలేదు. మధ్యలో యుద్ధం వచ్చింది. మొత్తం ఏడు టెస్టులు, 350 పరుగులు. వయసు నలభై.

ఆయన గురించి రాసినవి చాలావరకు ఇక్కడికి వచ్చేసరికి గబగబా ముగిసిపోతాయి. నాకేమో అసలు కథ ఇక్కడే మొదలైనట్టు అనిపించింది. నాయకత్వం పోయింది, టెస్టులు లేవు, నలభై నిండాయి. ఇక చాలు అని కూర్చుంటే తప్పుపట్టేవాళ్లు ఎవరూ లేరు. ఆయన కూర్చోలేదు.

హోల్కర్ జట్టును తీసుకుని రంజీ ట్రోఫీ ఆడుతూ పోయాడు. ముస్తాక్ అలీ, సర్వటే లాంటివాళ్లు ఆ జట్టులో ఉన్నారు. ఆయన నాయకత్వంలో హోల్కర్ తొమ్మిదేళ్లలో ఎనిమిది సార్లు ఫైనల్‌కి చేరింది, నాలుగుసార్లు గెలిచింది. యుద్ధకాలంలో ఇక్కడ సైనికుడిగా ఉన్న డెనిస్ కాంప్టన్ కూడా 1945 ఫైనల్‌లో ఈ జట్టుకు ఆడి 249 నాటౌట్ కొట్టాడు. అయినా బొంబాయి గెలిచింది. మరుసటి ఏడాది ఫైనల్ బరోడా మీద. అందులో నాయుడు 200 కొట్టాడు, హోల్కర్ గెలిచింది. డబుల్ సెంచరీ కొట్టిన మనిషికి యాభై ఏళ్లు! 1952-53లో నాలుగోసారి ట్రోఫీ గెలిచేనాటికి ఆయనకు యాభై ఏడు.

యాభై దాటిన మనిషి రోజుల తరబడి ఎండలో ఫీల్డింగ్ చేయాలి, బౌలింగ్ చేయాలి, మళ్లీ బ్యాటింగ్‌కి దిగాలి. హెల్మెట్ లేదు, ఫిజియో లేడు, ప్రొటీన్ డబ్బా లేదు. ఒక టానిక్ మాత్రం ఉంది. 1941లో బాత్‌గేట్ లివర్ టానిక్ ప్రకటనలో ఆయన కనిపించాడు. ఒక వస్తువుకు ప్రచారం చేసిన మొదటి భారత క్రికెటర్ ఆయనేనని అంటారు. సీసాలోని టానిక్ వల్లే డబుల్ సెంచరీ వచ్చిందని నేనైతే నమ్మను. ఆయన చిన్నప్పుడు మొదలుపెట్టిన ఆటను వదలలేదు, అంతే. క్రమశిక్షణలో చాలా కఠినుడని పేరు. దెబ్బ తగిలితే బయటికి వెళ్లడం ఆయనకు నచ్చదు. బొంబాయి మీద ఆడుతున్నప్పుడు దత్తు ఫడ్కర్ బంతి నోటికి తగిలి పళ్లు ఊడితే, వాటిని పిచ్ మీద నుంచి పక్కకు నెట్టి ఆట కొనసాగించాడని ఒక కథ చెప్పుకుంటారు. అప్పటికి ఆయనకు యాభై ఆరట. ఇది మాత్రం ఎవరూ అనుకరించకండి, డెంటిస్ట్ దగ్గరికి వెళ్లండి.

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. అదే సీజన్‌లో ఆంధ్ర జట్టు రంజీలో అడుగుపెట్టింది. ఆ జట్టుకు నాయుడు ఆడాడు. నాగపూర్‌లో పుట్టి ఇండోర్‌లో బతికిన తెలుగువాడు యాభై ఎనిమిదేళ్లకు తెలుగువాళ్ల కొత్త జట్టులో నిలబడ్డాడు. 1956లో పద్మభూషణ్ వచ్చింది. సాధారణంగా అలాంటి గౌరవం ఆట మానేసి శాలువా కప్పుకున్నాక వస్తుంది. నాయుడు 1956-57 సీజన్‌లో ఉత్తరప్రదేశ్ తరఫున దిగాడు. రాజస్థాన్ మీద 84 కొట్టాడు. అవతల బౌలింగ్ చేసేవాళ్లలో వినూ మన్కడ్ ఉన్నాడు, అప్పటి మన గొప్ప స్పిన్నర్. అతని బంతుల్ని రెండుసార్లు సిక్సర్‌గా పంపాడు. వయసు అరవై ఒకటి. అదీ చాలలేదేమో, 1963-64లో నాగపూర్‌లో నిధుల కోసం పెట్టిన మ్యాచ్‌లో అరవై ఎనిమిదేళ్ల వయసులో మళ్లీ ప్యాడ్లు కట్టుకున్నాడు. 1967 నవంబర్ 14న ఇండోర్‌లో చనిపోయాడు. డెబ్బై రెండేళ్లు బతికాడు.

ఇది చదివి మా నాయినా నాయుడూ ఒకటే అనుకుంటే నాది అమాయకత్వం. నాయుడికి ఆటే ఉద్యోగం, వెనక మహారాజు ఉన్నాడు. మా నాయిన వెనక ఉన్నది ఉద్దెర పుస్తకం. నాయుడు మొదలుపెట్టింది చిన్నప్పుడు, మా నాయిన మొదలుపెడుతున్నది నలభై ఏడులో. ఇంకొకటి కూడా అడగొచ్చు. యాభై ఏడేళ్ల ఆయన ఆడుతుంటే ఎవరో ఒక కుర్రాడి చోటు పోలేదా? పోయే ఉంటుంది. ఆ ప్రశ్నకు ఆయన జవాబు స్కోరుబోర్డు మీదే ఇచ్చాడు. మా నాయిన పరిగెడితే మాత్రం ఎవరి చోటూ పోదు.

ఒంటి లెక్క ఏంటంటే, ముప్పై దాటాక కండ కొంచెం కొంచెం తగ్గుతూ పోతుంది. వాడకపోతే ఇంకా తొందరగా పోతుంది. వాడితే ఏ వయసులోనైనా కొంత తిరిగొస్తుంది. పనిచేసే కండ రక్తంలోని చక్కెరను తను వాడుకుంటుంది, ఇన్సులిన్ కూడా మెరుగ్గా పనిచేస్తుంది. అందుకే షుగర్ వచ్చినవాళ్లను కదలమంటారు. మందులు వేసుకునేవాళ్లు డాక్టర్‌ని అడిగి, గుండె పరీక్ష చేయించుకుని మొదలుపెట్టాలి. చక్కెర ఒక్కసారిగా పడిపోకుండా జేబులో ఏదో ఒకటి తినేది ఉంచుకోవాలి. ఇవన్నీ కనుక్కుని నాయినకు చెప్పాల్సింది నేను. నేను చేసింది నవ్వడం.

సంక్రాంతికి ఇంటికి వెళ్లాను. నాయిన అప్పటికే డాక్టర్ దగ్గరికి వెళ్లొచ్చాడు, పరీక్షలు చేయించుకున్నాడు. పొద్దున ఐదున్నరకు కొడంగల్ రోడ్డు మీద సైకిల్ తొక్కుతున్నాడు. అదీ గేర్ల సైకిల్ కాదు, నేను టెన్త్‌లో వదిలేసిందే. మరుసటి రోజు పరుగుకు నేనూ వెంట వెళ్లాను. కిలోమీటరు దాటకముందే నేను నడుం పట్టుకుని కల్వర్టు మీద కూర్చున్నాను. ఆయన నెమ్మదిగా, ఆగకుండా కంది చేల పక్క నుంచి పోతూనే ఉన్నాడు. వెనక్కి వచ్చేటప్పుడు నా దగ్గర ఆగాడు. నవ్వలేదు. నీళ్ల సీసా ఇచ్చాడు.

ఇంటికి నడుస్తూ ఆయనకు నాయుడి సంగతి చెప్పాను. అరవై ఒకటిలో రెండు సిక్సర్లు నిజమేనా అని రెండుసార్లు అడిగాడు. దసరాకి నవ్వినందుకు సారీ చెబుదామని నోటిదాకా వచ్చింది, చెప్పలేకపోయాను. బహుశా ఈ వ్యాసమే ఆ సారీ. ఈ లింకు ఆయనకు పంపుతాను.

వేసవి సెలవుల్లో నాకు ఈత నేర్పిస్తాడట. తెలిసినవాళ్ల పొలంలో నీళ్లున్న బాయి చూసిపెట్టాడు. ఇప్పుడు సొరకాయ బుర్ర కోసం వెతుకుతున్నాడు.