ఒకే పెట్టెలో రెండు మాత్రలు – ఒక తెలుగువాడి కథ

కిందటి శీతాకాలంలో మా అమ్మ దోహా వచ్చినప్పుడు కీళ్ళవాతానికి డాక్టరు గారు రెండు మాత్రలు రాశారు. ఒకటి మెథోట్రెక్సేట్, వారానికి ఒక్కసారే. రెండోది ఫోలిక్ ఆసిడ్, వేరే రోజున. "ఎందుకురా రెండు?" అని అమ్మ అడిగింది. జవాబు వెతుకుతూ వెళితే మన భీమవరంలో తేలాను!

యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. పేద కుటుంబం. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నానికి గానీ గట్టెక్కలేదు. మద్రాసు వైద్య కళాశాలలో చదువుతూ గాంధీజీ పిలుపు విని ఖద్దరు కట్టారు. అది దొరగారికి నచ్చలేదు. ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. డిగ్రీతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది.

ఆ రోజుల్లోనే ఆయన సోదరులిద్దరు స్ప్రూ అనే గ్రహణి వ్యాధితో ఎనిమిది రోజుల తేడాలో పోయారు. తనకూ అదే జబ్బు వస్తే ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో తేరుకున్నారు. ఆ జబ్బుకు మూలమేమిటో తెలుసుకోవాలన్న తపన అక్కడే మొదలైంది. 1920ల మొదట్లో భార్య శేషగిరి గారిని ఇక్కడే వదిలి బోస్టన్ ఓడ ఎక్కారు. చదువుకుంటూనే ఆసుపత్రిలో రాత్రిపూట కూలిపని చేశారు.

హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టారు. అది 1925లో వెలువడింది. 1929లో కండరాలకు శక్తినిచ్చే ఏ.టి.పి.ని గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా కనుగొన్నారు. ఇంత చేసినా హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం దొరకలేదు. 1940లో న్యూయార్కు దగ్గరి లెడర్లీ కంపెనీలో చేరారు.

ఇక అమ్మ ప్రశ్నకు వద్దాం. మన ఒంట్లో ప్రోటీన్లు, డి.ఎన్.ఏ. వంటివి బృహదణువులు, అంటే చిన్న చిన్న ముక్కలు గొలుసులా అల్లుకున్నవి. డి.ఎన్.ఏ. గొలుసులో కొన్ని ముక్కలు తయారవ్వాలంటే ఫోలిక్ ఆసిడ్ కావాలి. అది లేకపోతే కొత్త కణాలు, ముఖ్యంగా రక్తకణాలు, సరిగా పుట్టవు. స్ప్రూ రోగి పేగులు తిండిలోని ఆ విటమిన్‌ను పీల్చుకోలేవు. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసినట్లు 1945లో సుబ్బారావు గారి బృందం ప్రకటించింది. అది స్ప్రూ రోగులను నిలబెట్టింది. అన్నదమ్ములకు అందని మందు పాతికేళ్ళ తర్వాత లోకానికి అందింది!

ఆ తర్వాత అదే ఆకారంలో ఉంటూ ఫోలిక్ ఆసిడ్ పనికి అడ్డుపడే మందులు చేశారు. కాన్సర్ కణాలు వేగంగా పెరుగుతాయి కనుక దెబ్బ ముందు వాటికే. లెడర్లీ పంపిన అమినోప్టెరిన్‌తో బోస్టన్‌లో డాక్టర్ ఫార్బర్ రక్తకాన్సర్ సోకిన పిల్లలకు కొన్ని నెలల ఊరట తేగలిగారు. దాని తమ్ముడే మెథోట్రెక్సేట్. వారానికోసారి తక్కువ మోతాదులో ఇస్తే అది కీళ్ళవాతాన్ని అదుపులో పెడుతుంది. దాని దుష్ఫలితాలు తగ్గించడానికే ఫోలిక్ ఆసిడ్. అందుకే రెండు మాత్రలు. మీ ఇళ్ళలో ఎవరైనా వాడుతుంటే పొరబాటున కూడా రోజూ వేసుకోనివ్వకండి, ప్రాణం మీదికి వస్తుంది.

బోదకాలుకు హెట్రజాన్, టెట్రాసైక్లిన్లలో మొదటిదైన ఆరియోమైసిన్ కూడా ఆయన నడిపిన పరిశోధనశాల నుంచే వచ్చాయి. 1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే, న్యూయార్కులో నిద్రలోనే కన్నుమూశారు. ఓడ ఎక్కినవాడు మళ్ళీ ఇంటి గడప తొక్కలేదు. శేషగిరి గారి ఎదురుచూపులకు ఏ బహుమతీ రాలేదు. ఆయనకూ నోబెల్ రాలేదు. 1995లో మన ప్రభుత్వం ఒక తపాలా బిళ్ళ వేసింది.

రెండేళ్ళకో మూడేళ్ళకో తిరిగి వెళ్ళిపోదామనుకుని గల్ఫ్‌కు వచ్చినవాళ్ళం మనమూ. ఆయన సాధించింది గొప్పది, దానికి ఇంట్లోవాళ్ళు చెల్లించిన ధరా చిన్నది కాదు. పిల్లలకు ఈ కథ చెప్పేటప్పుడు రెండూ చెబుదాం. అమ్మ మాత్రం ఇప్పుడు ఆ పెట్టె తెరిచినప్పుడల్లా "మన భీమవరం అబ్బాయి మందు" అంటోంది.