వీడ్కోలుకు సంఘమును సిద్ధపరచిన కాపరి
(బిషప్ అజరయ్య గారి జీవితము)



మన సంఘములలో బదిలీల కాలము వచ్చినప్పుడు రెండు కూటములు జరుగుచుండును. ఒకటి వెళ్లు అయ్యగారికి వీడ్కోలు, రెండవది వచ్చు అయ్యగారికి స్వాగతము. దండలు, శాలువలు, స్త్రీల సమాజము వారి పాట, సండేస్కూలు పిల్లల పాట, కమిటీ పెద్దల ప్రసంగములు, ఫోటో, భోజనము. గోల్నాక, తార్నాక వంటి నగర సంఘములలోనైనను, మారుమూల పల్లె సంఘములోనైనను పద్ధతి ఇంచుమించు ఒక్కటే. అయితే ఆ భోజనము ముగిసిన తరువాత వచ్చు ఆరు నెలలే కష్టమైనవి. పాత అయ్యగారి ప్రసంగముతో కొత్త అయ్యగారి ప్రసంగమును తూచువారు కొందరు, ఆదివారము మానుకొనువారు కొందరు. వచ్చినాయన ఏ జిల్లా వారు, ఎవరి వారు అని మెల్లగా విచారించువారు మరికొందరు. ఈ చివరి ప్రశ్నను మనము బహిరంగముగా అడుగము, కాని అడుగుచునే యుందుము.

ఈ సంగతి మనస్సులో పెట్టుకొని బిషప్ అజరయ్య గారి జీవితమును తిరిగి చదివినప్పుడు, ఆయన మన తెలుగువారు కారనియు, ఏ జిల్లాకును చెందని పరాయి మనిషిగా మన మధ్యకు వచ్చిరనియు జ్ఞాపకము వచ్చినది. సీతాఫల్‌మండి, లాలాగూడ, తార్నాక ప్రాంతములలో రైల్వే ఉద్యోగరీత్యా స్థిరపడిన మన విశ్వాసులలో డోర్నకల్, ఖమ్మం, వరంగల్ వైపు నుండి వచ్చిన వారున్నారు. వారి ఇండ్లలో ఆయన పేరు తెలియని పెద్దలుండరు. పిల్లలకు మాత్రము తెలియుట లేదు.

వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు 1874వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన తమిళ దేశములోని తిరునెల్వేలి జిల్లా వెల్లాలన్‌విలై అను గ్రామములో జన్మించిరి. తండ్రి థామస్ వేదనాయకం గారు ఆ గ్రామ గురువు. తల్లి పేరు ఎల్లెన్. గురువుగారి ఇంట పుట్టిన పిల్లవాడు వీడ్కోలు అనగా ఏమిటో తక్కిన పిల్లలకంటె ముందుగా నేర్చుకొనును. పాస్టరేటు ఇల్లు మన సొంత ఇల్లు కాదని వానికి ఎవరును వేరుగా చెప్పనక్కరలేదు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, డిగ్రీ చేతికి రాకయే బయటికి వచ్చిరి. 1895లో వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా చేరి, దక్షిణ దేశమంతయు తిరిగి యువకుల మధ్య పని చేసిరి. 1898లో అన్బు మరియమ్మాళ్ గారిని వివాహమాడిరి.

1902లో ఆయన సిలోనులోని జాఫ్నా వెళ్లిరి. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో, తమ సొంత మనుష్యులతో సువార్త పని జరుపుట ఆయన కంటబడినది. తిరునెల్వేలిలో సంఘము నూరేండ్ల నుండి ఉన్నది, గుళ్లు ఉన్నవి, బళ్లు ఉన్నవి. కాని బయటి ప్రాంతమునకు తనంత తానుగా ఒక్క మనిషిని పంపలేదు. ఈ లోటు ఆయనను నిలువనీయలేదు. 1903 ఫిబ్రవరి 12న తిరునెల్వేలి ఇండియన్ మిషనెరీ సొసైటీ స్థాపించబడెను. దాని వెనుక నడిచిన ముఖ్యులలో అజరయ్య గారు ఒకరు. 1905 క్రిస్మస్ దినమున శ్రీరాంపూరులో నేషనల్ మిషనెరీ సొసైటీ ఆరంభమైనప్పుడును ఆయన ఉండిరి.

తిరునెల్వేలివారు తమకొక పొలము చూపుమని మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ గారిని అడిగిరి. ఆయన చూపినది నిజాం రాజ్యములోని డోర్నకల్. అప్పటికి అది పేరున్న ఊరు కాదు. సింగరేణి బొగ్గు వలన ఆ వైపు రైలు వచ్చినది. చుట్టును చిట్టడవి, చెదరిన పల్లెలు, అక్షరము రాని బీదలు. భాష వేరు, ప్రభుత్వము వేరు, తిండి వేరు. తిరునెల్వేలి మనిషికి అది పరదేశమే.

ఇంతవరకు ఆయన ఇతరులను పంపువారు. 1909లో తానే బయలుదేరిరి. దేశమంతట పేరున్న కార్యదర్శి పదవిని విడిచి, ఆ సంవత్సరమే గురుపట్టము పొంది, భార్యాబిడ్డలతో డోర్నకల్ చేరిరి. అప్పటికి ఆయనకు ముప్పది అయిదేండ్లు. ఆ వయస్సులో తెలుగు అక్షరములు దిద్దుకొని, ఆ భాషలోనే ప్రసంగించి, ఆ భాషలోనే బీదల కష్టసుఖములు వినుటకు సిద్ధపడిరి. మనము కొత్త అయ్యగారి మాటలో కోస్తా యాస ఉన్నదని, లేక తెలంగాణ యాస ఉన్నదని నవ్వుకొందుము. మన పితరులు ఒక తమిళుని నోట తెలుగు విని, ఆయననే తమ తండ్రిగా ఎంచుకొనిరి.

మరుసటి సంవత్సరము, 1910లో, స్కాట్లండులోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనెరీ మహాసభ జరిగెను. అక్కడ తెల్ల మిషనెరీలకును దేశీయ పనివారికిని గల సంబంధమును గూర్చి మాట్లాడుటకు అజరయ్య గారిని నిలువబెట్టిరి. మిషనెరీలు ధనమిచ్చిరి, శ్రమపడిరి, ప్రాణములను సహా ఇచ్చిరి, వాటికి భారతదేశ సంఘము కృతజ్ఞత కలిగియున్నది, కాని తమకు కావలసినది స్నేహము అని ఆయన సభ ఎదుట చెప్పిరి. ఆ మాట కొందరికి మిక్కిలి నొప్పి కలిగించినది. నూరేండ్లు దాటినను ఆ ప్రసంగమును లోకములోని సంఘములు మరువలేదు. నాకు మాత్రము అది తెల్లవారికే చెప్పిన మాటగా తోచదు. శాలువ కప్పి స్వాగతము చెప్పుట ఒకటి, కొత్త అయ్యగారి ఇంటి అరుగు మీద కూర్చుండి ఆయనతో స్నేహము చేయుట మరియొకటి. మొదటిది కమిటీ తీర్మానముతో అగును. రెండవది తీర్మానముతో కాదు.

1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్ కెథీడ్రల్‌లో ఆయన డోర్నకల్ మొదటి బిషప్పుగా అభిషేకము పొందిరి. ఆంగ్లికన్ సంఘములో భారతీయుడు బిషప్పగుట అదే మొదటిసారి. ఆయనకు 38 ఏండ్లు. ఇది అందరు సంతోషించిన పని కాదు. మిషనెరీలలో కొందరు ఎదురాడిరి. తిరునెల్వేలిలోని సొంత జనులలో సహా కొందరు ఒప్పుకొనలేదు. వైట్‌హెడ్ గారు పట్టు విడువలేదు గనుక ఆ పని జరిగెను. స్వాగతము పూర్తిగా దొరకని చోటనే దేవుడు ఆయనను నిలువబెట్టెను.

అప్పటి అధ్యక్ష మండలము చిన్నది. తరువాత 1920వ సంవత్సర ప్రాంతములో కృష్ణా జిల్లా మొదలగు తెలుగు ప్రాంతములు దానిలో చేరి పెద్దదాయెను. ఆయన ఎడ్లబండి మీద, సైకిలు మీద పల్లె పల్లె తిరిగిరి. మాల పల్లెలకును మాదిగ పల్లెలకును పోయి, వారి మధ్య కూర్చుండిరి. మత్తు పానీయము, అప్పు, వెట్టిచాకిరి, మురికి వీటిని గూర్చి ప్రసంగపీఠము మీద మాత్రమే కాక ఇంటింట మాట్లాడిరి. మాలలు, మాదిగలు ఒకే బల్లయొద్దకు వచ్చుటకు ఆయన ఎంతో పోరాడవలసి వచ్చెను. ఆ పోరాటము ఆయన కాలములో ముగియలేదు. మన కాలములోను ముగిసినదని చెప్పుటకు నాకు ధైర్యము చాలదు.

ఆయన పనిలో నన్ను మిక్కిలి ఆకర్షించిన సంగతి ఒకటున్నది. ఆయన సంఘమును గురువు మీద ఆనుకొననియ్యలేదు. పల్లె ఉపదేశకుని తరిఫీదుకు పిలిచినప్పుడు అతని భార్యను సహా పిలిచి ఇద్దరికి కలిపి నేర్పిరి. భర్త పొలములో మగవారితో మాట్లాడును, పొయ్యి దగ్గర ఆడువారితో మాట్లాడవలసినది ఆమె కదా! డోర్నకల్‌లో దైవజ్ఞాన పాఠశాల నడిపి, నూరుకు మించిన దేశీయ గురువులు, రెండు వేల వరకు పల్లె ఉపదేశకులు పనిచేయు స్థితికి అధ్యక్ష మండలమును తెచ్చిరి. అన్నము వండునప్పుడు పిడికెడు బియ్యము దేవునికని తీసిపెట్టు అలవాటు పేద తల్లులు నేర్చుకొనిరి. కూలి నాలి చేయువారి యొద్ద కానుక అడుగరాదనుట ఆయనకు ఇష్టము లేదు. ఇచ్చు గౌరవము బీదవారికి సహా ఉండవలెనని ఆయన తలంపు. క్రైస్తవుని దాతృత్వమును గూర్చి ఒక పుస్తకమే వ్రాసిరి.

కొత్తగా బాప్తిస్మము పొందిన వారిచేత ఆయన తమ చేతిని తమ తలమీదనే పెట్టించి, తాము బాప్తిస్మము పొందినవారమనియు, సువార్త చెప్పకున్న తమకు శ్రమయనియు వారి నోటనే పలికించెడివారు. అనగా ఆ పల్లెలో సువార్త పని అయ్యగారిది కాదు, ఆ రైతు కూలీది. అయ్యగారు బదిలీ అయి పోవచ్చును, కూలీకి బదిలీ లేదు.

ఇక్కడ నా అనుభవము ఒకటి చెప్పనిండు. నేను కొంతకాలము పనిచేసిన ఒక సంఘములో, నాకు ముందున్న గురువుగారు వెళ్లిన తరువాత బుధవారపు ప్రార్థన కూటము ఆగిపోయి, నేను చేరువరకు ఆగియే యుండెను. కారణమడుగగా, అయ్యగారు లేరు గదా అని సమాధానము వచ్చినది. ఆ మాట చెప్పినవారు మంచి విశ్వాసులు. వారికి ఎవరును వేరు విధముగా నేర్పలేదు, అంతే.

సంఘముల ఐక్యత అజరయ్య గారికి మరియొక భారము. ఒకే ఊరిలో ఒక వీధివారు ఒక మిషను, పక్క వీధివారు వేరొక మిషను అనుట ఆయనకు సిగ్గుగా ఉండెను. 1919 మే నెలలో తరంగంబాడిలో వేర్వేరు సంఘముల గురువులు కూడి ఐక్యతకు పిలుపునిచ్చినప్పుడు ఆయనయే ముందు నిలిచిరి. అది మొదలు ఇరువది అయిదేండ్లకు పైగా చర్చలు, కమిటీలు, అభ్యంతరములు. 1930ల మధ్యలో మతమార్పిడిని గూర్చి గాంధీ గారితో భేదాభిప్రాయము కలిగి, పత్రికలలో ఆ సంగతి చాలకాలము నలిగెను. దాని గూర్చి వ్రాసినవారు అనేకులున్నారు గనుక ఇక్కడ విస్తరించుట లేదు.

1939 జనవరి 6న, ఎపిఫనీ పండుగనాడు, డోర్నకల్ కెథీడ్రల్ ప్రతిష్ఠింపబడెను. చూచినవారికి తెలియును. గుమ్మటములు, మీనారులు మసీదును, రాతి స్తంభములు దేవాలయమును జ్ఞాపకము చేయును. ఇంగ్లండులోని గుడిని తెచ్చి తెలంగాణ నేలమీద పెట్టలేదు. ఈ నేలమీద బ్రదుకువారు అది తమదని చెప్పుకొనునట్లు కట్టిరి.

1945 జనవరి 1న, జ్వరముతో, అజరయ్య గారు డోర్నకల్‌లో ప్రభువునందు నిద్రించిరి. వయస్సు 70. బిషప్పుగా 32 సంవత్సరములు. అప్పటికి ఆయన అధ్యక్ష మండలములో రెండు లక్షలకు పైగా విశ్వాసులున్నారు. అయిదు దినముల తరువాత కెథీడ్రల్ ప్రతిష్ఠ పండుగ వచ్చినప్పుడు దానిని కట్టించిన కాపరి లేరు. దండ వేయుటకు, ఫోటో తీయుటకు అవకాశము లేని వీడ్కోలు అది.

ఆయన స్థానమునకు వచ్చినది ఎ. బి. ఇలియట్ గారు. 1935 నుండి సహాయ బిషప్పుగా అజరయ్య గారి పక్కన పనిచేసినవారు. మొదటి భారతీయ బిషప్పు తరువాత విదేశీయుడు! ఎవరి వారు అని అడుగు అలవాటు గలవారికి ఇది వింతగా తోచును. కాని అజరయ్య గారు మహాసభలో కోరిన స్నేహము ఇట్టిదే కదా. పది సంవత్సరములు భారతీయుని క్రింద సహాయకుడుగా పనిచేసిన మనిషిని సంఘము ఎరుగును. ఇలియట్ గారికి వచ్చిన కాలము సులభమైనది కాదు. తెలంగాణ పల్లెలలో సాయుధ పోరాటము, రజాకార్ల అలజడి, 1948 సెప్టెంబరులో పోలీసు చర్య, వీటన్నిటి మధ్య ఆయన మందను కాయవలసి వచ్చెను. పల్లెలలో గుడి గంట కొట్టవలసినది ఆ పల్లె ఉపదేశకులు, వారి భార్యలు.

1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథీడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘము ఆరంభమాయెను. ఎవరు దాని కొరకు ముప్పదేండ్లకు దగ్గరగా ప్రయాసపడిరో ఆయన చనిపోయి రెండేండ్ల తొమ్మిది నెలలు గడిచినవి. ఆ దినముతో డోర్నకల్ పాత అధ్యక్ష మండలము విభజింపబడి, కృష్ణా-గోదావరి వేరొక మండలమాయెను. మన హైదరాబాదు ప్రాంతము మెదక్ మండలములో చేరినది. డోర్నకల్‌కు ఇలియట్ గారే కొనసాగిరి. కృష్ణా-గోదావరికి మొదటి బిషప్పు యెద్దు ముత్యాలు గారు. తమిళ దేశమునుండి వచ్చిన అజరయ్య గారు కాచిన మండలములో గురువుగా పనిచేసిన తెలుగు బిడ్డ ఆయన.