చేతిపనికి కళాశాలలో పీఠం వేసిన కోపల్లె హనుమంతరావు

దర్శి: పత్తి, మిరప పండించే దర్శి ప్రాంతంలో పదవ తరగతి ముగించిన యువకులు మోటారు మరమ్మతుకో, ట్రాక్టరు పనికో, చీమకుర్తి గ్రానైటు క్వారీలలో యంత్రాలు నడుపుటకో శిక్షణ కోరడం నేడు సాధారణ విషయం. వృత్తిని తరగతి గదికి చేర్చవలెనన్న ఆలోచనను శతాబ్దానికి పూర్వమే తెలుగునాట ఆచరణలో పెట్టిన వారిలో అగ్రగణ్యులు కోపల్లె హనుమంతరావు. పాత్రికేయుల, అధికారుల సౌకర్యార్థం ఆయన జీవిత విశేషాలు సంక్షిప్తంగా అందజేయడమైనది.

మచిలీపట్నానికి చెందిన హనుమంతరావు ఎం.ఎ., బి.ఎల్. పట్టభద్రులు. ఆ రోజులలో ఆ రెండు పట్టాలున్న వ్యక్తికి న్యాయవాద వృత్తిలో లోటుండేది కాదు. ఆయన దానిని వదలుకొన్నారు.

అందుకు నేపథ్యం స్వదేశీ ఉద్యమం. 1905లో బెంగాల్ విభజన జరిగింది. మరుసటి సంవత్సరం కలకత్తాలో జాతీయ విద్యా పరిషత్తు ఏర్పడింది. 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ విశాఖపట్నం, కాకినాడ, రాజమండ్రి, విజయవాడ, మచిలీపట్నాలలో ఉపన్యసించారు. రాజమండ్రిలో వందేమాతరం నినాదం చేసిన విద్యార్థులపై చర్యలు తీసుకొన్నారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు శిక్షణ కళాశాల నుండి బహిష్కృతులైనారు. ప్రభుత్వ కళాశాల తలుపు మూసుకొంటే విద్యార్థి ఎక్కడికి పోవలెనన్న ప్రశ్న అప్పుడు తలెత్తింది. సమాధానంగా హనుమంతరావు, కృష్ణాపత్రిక సంపాదకులు ముట్నూరి కృష్ణారావు, వైద్యులు భోగరాజు పట్టాభిసీతారామయ్య కలిసి 1910లో మచిలీపట్నంలో ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పారు. కృష్ణారావుకు పత్రిక, పట్టాభికి వైద్యం ఉండగా, కళాశాల నిర్వహణ భారం ప్రధానంగా హనుమంతరావుపై పడింది.

అంతవరకు వడ్రంగం, కమ్మరం, నేత వంటివి తండ్రి వద్ద కొడుకు, మేస్త్రీ వద్ద కుర్రవాడు నేర్చుకొనే పనులు. పుస్తకం పట్టినవాడు ఉలి పట్టేవాడు కాడు, ఉలి పట్టినవానికి పుస్తకం అందేది కాదు. ఈ రెంటినీ ఒకే ప్రాంగణంలోకి తేవడమే జాతీయ కళాశాల విశేషం. అక్కడ భాషా, చరిత్ర పాఠాలతో పాటు వడ్రంగం, కమ్మరం, నేత, చిత్రలేఖనం నేర్పేవారు. వృత్తి విద్యను చదువు రానివారికి మిగిలిన దారిగా కాక, చదువులో భాగంగా చూడడం ఆనాటికి సాహసమే. ఈనాటికీ అది పూర్తిగా కుదరలేదని చెప్పక తప్పదు.

చిక్కులు తక్కువేమీ కావు. సంస్థ మద్రాసు విశ్వవిద్యాలయ పరిధికి వెలుపల ఉన్నందున దాని పట్టాతో సర్కారు కొలువు దొరకదు. గుమాస్తా ఉద్యోగమే భాగ్యమని తలచే తల్లిదండ్రులను ఒప్పించడం తేలిక కాదు. నిధులకు ప్రజల విరాళాలే ఆధారం. పనిముట్ల కొనుగోలు, ఉపాధ్యాయుల జీతాలు వాటితోనే నడవవలసి వచ్చేది.

అయినను సమర్థులైన ఉపాధ్యాయులు అక్కడికి చేరారు. అనంతరం జాతీయ పతాక రూపకర్తగా ప్రసిద్ధి పొందిన పింగళి వెంకయ్య ఆ దశకంలో కళాశాలలో అధ్యాపకులు. కంబోడియా పత్తిపై పరిశోధన వల్ల ఆయనను జనం పత్తి వెంకయ్య అని పిలిచిన సంగతి ఈ ప్రాంత రైతులకు ఆసక్తి కలిగించగలదు. ఎడింబరోలో చదివి వచ్చిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య కొంతకాలం ఇక్కడ పనిచేసి, తదుపరి చీరాలకు తరలి 1921లో చీరాల-పేరాల ఉద్యమానికి నాయకత్వం వహించారు. వంగదేశ చిత్రకారులు ప్రమోద్ కుమార్ చటర్జీ వద్ద అడివి బాపిరాజు ఇక్కడనే చిత్రకళను అభ్యసించి, 1930లలో స్వయంగా ఈ కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు.

హనుమంతరావు 1922లో, నలభై ఏళ్ళు దాటిన కొద్దికాలానికే మరణించారు. సహచరులిద్దరూ ఆ తరువాత దీర్ఘకాలం జీవించి దేశవ్యాప్త కీర్తి గడించగా, ఆయన పేరు మచిలీపట్నం వెలుపల అంతగా వినబడకుండా పోయింది.

స్వాతంత్ర్యానంతరం 1950లో కేంద్ర ప్రభుత్వం వృత్తి శిక్షణ పథకాన్ని ప్రవేశపెట్టడంతో ఐ.టి.ఐ.లు వెలిశాయి. 1961లో అప్రెంటిస్ చట్టం ఆమోదం పొందింది. పరిశ్రమలు శిక్షణార్థులను చేర్చుకొని స్టయిపెండు చెల్లించే బాధ్యత దానితో చట్టబద్ధమైంది. హనుమంతరావు తరం విరాళాలతో నడిపిన పనికి ఆ విధంగా ప్రభుత్వ నిధి, గుర్తింపుగల సర్టిఫికెట్టు సమకూరాయి. ఆయన స్థాపించిన సంస్థ మాత్రం కాలక్రమంలో విశ్వవిద్యాలయ అనుబంధ డిగ్రీ కళాశాలగా మారింది.