ఆయుధచరిత్రకారుడు సర్ శామ్యూల్ మెరిక్

పురాతన ఖడ్గమును చేత బట్టిన మాత్రమున దాని కాలము తెలియదు. తుప్పు పట్టిన దెల్ల ప్రాచీనము కాదు. ఆయుధమునకు వయస్సు చెప్పవలె నన్నచో దాని చెంత ప్రమాణగ్రంథ ముండవలెను. అట్టి గ్రంథమును రచించి ఆయుధవిద్యను శాస్త్రముగా తీర్చిన వారిలో అగ్రగణ్యుడు ఆంగ్లదేశీయుడగు సర్ శామ్యూల్ రష్ మెరిక్.

ఇతడు 1783వ సంవత్సరము ఆగస్టు 26వ తేదీన జన్మించెను. ఆక్స్‌ఫర్డులో విద్య ముగించి లండనులో న్యాయవాదిగా నుండెను. 1803లో తండ్రి కిష్టము లేని వివాహము చేసికొనుటచే, తండ్రి తన యాస్తిని కుమారునికి గాక మనుమనికి చెందునట్లు ఏర్పాటు చేసెను. మెరిక్ దానికి క్రుంగక, కవచములను, శిరస్త్రాణములను, ఖడ్గములను సేకరించుటయందే మనస్సు నిలిపెను. అవి గదులు నిండి మెట్లదారి వరకును వ్యాపించెను. కుమారుడు లెవెలిన్ ఈ పనిలో తండ్రికి తోడుగా నిలిచెను.

ఆ దినములలో లండను కోట ఆయుధశాలయందు రాజుల వరుస యను ప్రదర్శన ముండెను. అందు కొయ్యగుఱ్ఱములపై రాజుల ప్రతిమలను నిలిపి కవచములు తొడిగి యుండిరి. 1066లో ఇంగ్లండును జయించిన విలియం రాజునకు సైతము నిలువెల్ల ఉక్కురేకుల కవచమే! ఆ రాజు గతించిన మూడు శతాబ్దములకు పిమ్మట గాని అట్టి కవచము పుట్టలేదు. చూపరులు మాత్రము అదియే సత్యమని నమ్మి పోవుచుండిరి.

మెరిక్ ఈ భ్రాంతిని తొలగింప బూనెను. వీరుల సమాధులపై చెక్కిన ప్రతిమలను, రాజముద్రికలను, చిత్రములు గల వ్రాతప్రతులను పరిశీలించెను. ఒక రాజు కాలము తెలిసినప్పుడు, అతని ముద్రికపై నున్న కవచపు తీరు ఏ కాలమున వాడుకలో నుండెనో తెలియును గదా! ఇట్లు సాక్ష్యములను ఒకదానితో నొకటి పోల్చి రచించిన ప్రాచీన కవచ విమర్శన గ్రంథము 1824లో మూడు సంపుటములుగా, రంగుల చిత్రములతో వెలువడెను.

గ్రంథఫలము వెంటనే కనబడెను. 1826లో ప్రభుత్వము వారు లండను కోట ఆయుధములను సరిదిద్దు భారమును మెరిక్‌కు అప్పగించిరి. తరువాత విండ్సరు రాజప్రాసాదమందలి ఆయుధములను గూడ ఇతడే క్రమపఱచెను. 1832లో రాజు ఇతనికి సర్ బిరుదము నొసగెను.

ఈ గ్రంథము దోషరహితము కాదు. శిల్పులు ఉంగరాల కవచమును పలు రీతుల చెక్కుటను చూచి, అన్ని రకముల కవచములు వేర్వేరుగా నుండె నని మెరిక్ తలచెను. అవి చాలవఱకు ఒకే అల్లికకు వేర్వేరు రూపకల్పన లని తరువాతి పండితులు తేల్చిరి. అయినను వారు దిద్దుటకు మొదట ఒక గ్రంథ ముండవలెను గదా! ఆ మొదటి మెట్టు మెరిక్‌దే.

ఇతడు గుడ్రిచ్ అనుచోట పెద్ద భవనమును కట్టించి తన సేకరణ నంతయు అందుంచెను. కాని 1837లో లెవెలిన్ అవివాహితుడై మరణించెను. 1848 ఏప్రిల్ 2వ తేదీన మెరిక్ కూడ కన్నుమూసెను. సేకరణ బంధువుల పాలై 1870 తరువాత చెల్లాచెదరయ్యెను. అందు కొంత భాగము నేడు లండనులోని వాలెస్ సంగ్రహాలయమున నున్నది. ఆ భవనమును 20వ శతాబ్ది మధ్యమున పడగొట్టిరి.

ఇల్లు పోయెను, వంశము నిలువలేదు, ఆయుధములు చేతులు మారెను. గ్రంథము మాత్రము గ్రంథాలయములందు నిలిచి, అడిగిన వారికి నేటికిని సమాధానము చెప్పుచున్నది.