మన చిత్తూరు నాగయ్య గారు

ఉగాది నాడు పంచాంగం వినడం, వేపపూత పచ్చడి తినడం మనకు ఎంత ఆచారమో, మేలు చేసి గతించిన పెద్దలను తలచుకోవడం కూడా అంత ఆచారంగా ఉండాలని మా అభిప్రాయం. అందులోను పొట్ట చేతపట్టుకొని ఈ బంగారు గనుల సీమకు వచ్చి స్థిరపడిన కుటుంబాల వారికి ఆ తలపు మరింత అవసరం. కావున ఈ సంవత్సరం సంచికలో కీర్తిశేషులు చిత్తూరు వి. నాగయ్య గారిని గూర్చి నాలుగు మాటలు వ్రాయ సాహసిస్తున్నాము. వారి జన్మదినం మార్చి 28. అది ప్రతి ఏటా ఉగాదికి అటో ఇటో కొద్ది రోజుల తేడాతోనే వస్తుంది. అయినా మనలో ఎందరం ఆ దినాన వారిని తలచుకొంటున్నాము?

నాగయ్య గారి ఇంటిపేరు ఉప్పలదడియం. వారు 1904లో గుంటూరు జిల్లా రేపల్లెలో జన్మించారు. కాని వేషం కట్టి పేరు తెచ్చుకొన్నది చిత్తూరులో. కావుననే పుట్టిన ఊరు గాక, ఆదరించిన ఊరు వారి పేరు ముందు నిలిచిపోయినది. వలస వచ్చిన మన వంటి వారు ఈ సంగతిని ప్రత్యేకంగా గమనించవలె. మనిషికి పుట్టుక ఒకచోట, బ్రతుకు ఒకచోట అయినంత మాత్రాన పరువు తగ్గదు.

చిత్తూరుకు, మన గనులకు గల సంబంధం కూడా చెప్పుకోదగినది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక పూర్వం ఆ పట్టణం ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్యస్థానం. 1880లో జాన్ టేలర్ కంపెనీ వారు ఇక్కడ త్రవ్వకాలు చేపట్టిన పిమ్మట, గనులలో దిగడానికి వచ్చిన కూలీలలో అధిక సంఖ్యాకులు ఆ ఉత్తర ఆర్కాటు ప్రాంతం నుండి వచ్చినవారే. వారిలో తమిళులూ ఉన్నారు, తెలుగువారూ ఉన్నారు. రోడ్డున వస్తే పలమనేరు, ముళబాగిలు దాటి కోలారు. రైలున వస్తే కాట్పాడి, జోలార్‌పేట, కుప్పం మీదుగా బంగారుపేట. అక్కడ బండి మారితే కోరమాండల్, ఊరిగాం, ఛాంపియన్, మారికుప్పం. 1894లో వేసిన ఆ చిన్న కొమ్మలైను మీదుగానే మన తాతముత్తాతలు చాలామంది మూటాముల్లెలతో దిగారు. కనుక నాగయ్య గారు మనకు ఎక్కడివారో కారు, పొరుగూరి వారే.

నాగయ్య గారు మొదట గుమాస్తా. పిమ్మట ఆంధ్రపత్రికకు విలేఖరిగా కూడా పనిచేశారు. పగలు కాగితాలు వ్రాసుకొని, రాత్రి చిత్తూరు రామవిలాస సభ వారి నాటకాలలో వేషాలు కట్టేవారు. సంగీతం చక్కగా నేర్చినవారు, గంభీరమైన కంఠం గలవారు కావడం చేత రంగస్థలం మీద త్వరలోనే పేరు వచ్చినది. ఆ కాలంలో నటుడికి ముందు గొంతు కావలె, తరువాతనే రూపం. ఒకరు పాడగా మరొకరు పెదవులు కదిపే పద్ధతి చిత్రాలలో ఇంకా స్థిరపడలేదు. ఎవరి పాట వారే పాడుకోవలె.

వారికి ముప్పయి నాలుగవ ఏట, 1938లో, సినిమా అవకాశం వచ్చినది. బెంగుళూరులో జన్మించిన హెచ్.ఎం. రెడ్డి గారు తీసిన గృహలక్ష్మి వారి తొలి చిత్రం. అందులో కల్లు మానమని జనానికి చెప్పే ఒక పాట నాగయ్య గారు పాడారు. అది ఊరూరా మారుమ్రోగినది. మరుసటి ఏడు వాహినీ వారి వందేమాతరంలో, బి.ఎన్. రెడ్డి గారి దర్శకత్వంలో, కాంచనమాల గారి సరసన నాయక పాత్ర ధరించారు. 1940లో వచ్చిన సుమంగళిలో కందుకూరి వీరేశలింగం పంతులు గారిని తలపించే వృద్ధుని పాత్ర. అప్పటికి వారి వయస్సు ముప్పయి ఆరు మాత్రమే. మరొక నటుడైతే నాయకుడుగా పేరు వచ్చిన మరుసటి ఏడే ముసలి వేషం కట్టడానికి జంకేవాడు. నాగయ్య గారు జంకలేదు. వారికి పాత్ర ముఖ్యం గాని తమ ముఖం ముఖ్యం కాదు. వారి జీవితం మొత్తానికి ఈ గుణమే తాళపుచెవి అని మేము తలుస్తున్నాము.

తరువాత ఏడు సంవత్సరాలలో వారు ముగ్గురు మహాపురుషుల పాత్రలు ధరించారు. మొదటిది కె.వి. రెడ్డి గారు తొలిసారి దర్శకత్వం వహించిన భక్త పోతన. దానికి సంగీతం కూర్చినవారు కూడా నాగయ్య గారే. కావ్యాన్ని రాజుకు అంకితం చేయక, అరక దున్ని బ్రతికిన కవి కథ అది. అక్షరం ముక్క రాని తల్లులు సైతం ఆ చిత్రం చూసి పోతన గారు ఎవరో తెలుసుకొన్నారు. పుస్తకంలో ఉన్న భాగవతం బడికి పోయిన వారికి మాత్రమే అందేది. తెర మీది భాగవతం కణా చెల్లించగలిగిన ప్రతివారికీ అందినది.

రెండవది 1946 నాటి త్యాగయ్య. దీనిని నాగయ్య గారు తమ సొంత సంస్థ ద్వారా నిర్మించారు. దర్శకత్వం వారిదే, సంగీతం వారిదే, త్యాగయ్య వేషమూ వారిదే. త్యాగరాజ స్వామి వారు కావేరి ఒడ్డున తిరువైయారులో, అనగా నడి తమిళ దేశంలో, కాపురముండి తెలుగులో కీర్తనలు చేశారు. ఇరుగు పొరుగు భాష వేరైనా ఇంటి భాషను విడువలేదు. ఆ భాష రాని వారు సైతం నేటికీ ఆ కీర్తనలను తెలుగులోనే పాడుతున్నారు. పరాయి నేలమీద తెలుగు నిలుస్తుందా అని దిగులుపడే వారికి ఇంతకు మించిన ఊరట ఏమున్నది?

మూడవది 1947 నాటి యోగి వేమన. దీనికీ కె.వి. రెడ్డి గారే దర్శకులు. మోహనాంగి పాత్రను కన్నడ నాట పుట్టిన ఎం.వి. రాజమ్మ గారు ధరించారు. ఈ చిత్రం కథ మన బంగారు గనుల వారికి ప్రత్యేకించి తగిలే కథ. అందులో వేమన తన మిత్రుడు అభిరాముడితో కలిసి బంగారం చేసే విద్య కోసం రేయింబవళ్ళు కొలిమి వద్ద కూర్చుంటాడు. ఎట్టకేలకు బంగారం చేతికి వస్తుంది. ఆ బంగారంతో ఇంటికి వచ్చేసరికి, ప్రాణానికి ప్రాణంగా పెంచుకొన్న అన్నగారి బిడ్డ జ్యోతి కన్నుమూసి ఉంటుంది. అక్కడితో ఆ లోహం మీద వేమనకు రోత పుట్టి, విరాగి అవుతాడు.

మన ఛాంపియన్ గని లోతు మూడు కిలోమీటర్లకు పైమాట. అంత లోతున రాయి పగిలి మీదపడి పోయినవారు ఎందరో, రాతిధూళి ఊపిరితిత్తులలో పేరుకొని మంచం పట్టినవారు ఎందరో మన ఇళ్ళలో చెప్పుకొంటూనే ఉంటారు. త్రవ్వినవారి ఇంట గురిగింజ ఎత్తు బంగారం మిగిలినది లేదు. అటువంటి ఇళ్ళవారు, చేతిలో బంగారం ఉండి కూడా బిడ్డను కాపాడుకోలేకపోయిన వేమనను చూసినప్పుడు ఏమనుకొని ఉంటారో వేరే చెప్పనక్కరలేదు. ఆ సన్నివేశంలో నాగయ్య గారు ఏడవలేదనీ, చూసినవారే ఏడ్చారనీ మా తాతల తరం వారు చెప్పగా విన్నాము.

నాగయ్య గారు తెలుగువారి సొత్తు మాత్రమే కారు. 1941లో తమిళ అశోక్ కుమార్ చిత్రంలో త్యాగరాజ భాగవతార్ గారు కుణాలుడు కాగా, నాగయ్య గారు అశోక చక్రవర్తి. 1945లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారు మీరాగా నటించిన చిత్రంలో వారు రాణా. 1950లో ఫ్రెంచి రచయిత విక్టర్ హ్యూగో నవలను తమిళంలో ఏళై పడుం పాడు అనీ, తెలుగులో బీదలపాట్లు అనీ తీసినప్పుడు, రొట్టె దొంగిలించి జైలుకు పోయి, పిమ్మట పుణ్యాత్ముడైన ఆ బీదవాని పాత్ర నాగయ్య గారిదే. 1961 నాటి పావ మన్నిప్పులో శివాజీ గణేశన్ గారిని పెంచిన ముస్లిం తండ్రిగా నటించారు. గుంటూరు సీమలో పుట్టి, తమిళ చిత్రంలో, మహమ్మదీయ గృహస్థుగా చేసి మెప్పించడం సామాన్య విషయం కాదు.

ఈ వ్యాసం వ్రాయమని సంఘం వారు కోరిన పిమ్మట, నాగయ్య గారు మన ఊళ్ళో ఎంతవరకు గుర్తున్నారో తెలుసుకొనవలెనని మాకు బుద్ధి పుట్టినది. ఉదయం మారికుప్పం నుండి బెంగుళూరు పోయే బండిలో, కొలువులకు వెళ్ళే మనవారు క్రిక్కిరిసి ఉంటారు. ఆ బండిలోనూ, సాయంత్రం వేళ మన ఇరుగుపొరుగు లైన్లలోనూ కొందరిని అడిగి చూశాము. డెబ్బయి ఏళ్ళు దాటిన తెలుగు పెద్దలకు పేరు చెప్పగానే ముఖాలు వికసించినవి. నడివయస్సు వారికి నాగయ్య అనే పేరు వెంటనే తట్టలేదు గాని, పోతన అనగానే, వేమన అనగానే, ఆ సినిమాలోని ఆయనే గదా అన్నారు. తమిళ సోదరులలో పెద్దవారికి పేరు కంటే ముఖం గుర్తున్నది. తెల్లని జుట్టుతో, చల్లని చూపుతో ఉండే తండ్రి అని వర్ణించి చెప్పారు. ఇరవై ఏళ్ళలోపు పిల్లలలో మాత్రం ఒక్కరికీ తెలియదు. మేము చేతి ఫోనులో వేమన చిత్రం కొద్దిసేపు చూపగా ఇద్దరు పిల్లలు ఆగి చూశారు. చూచి, ఇది ఎవరి కథ అని అడిగారు. నాగయ్య ఎవరని అడుగలేదు, వేమన ఎవరని అడిగారు!

ఇందులో సంతోషించవలసినదీ ఉన్నది, చింతించవలసినదీ ఉన్నది. నటుడి పేరు మరచి పాత్రను తలచుకోవడం ఆ నటుడికి అవమానం కాదు. ముఖం కంటే పాత్ర ముఖ్యమని బ్రతికిన వారికి అదే తగిన జ్ఞాపకం. కాని వేమన ఎవరని మన బిడ్డ అడిగే రోజు వచ్చినదంటే, అక్కడ మరుగుపడుతున్నది నాగయ్య గారు ఒక్కరే కారు. బడిలో కన్నడమో ఇంగ్లీషో, వీధిలో తమిళం. ఇంట తెలుగు మాట్లాడినా, చదవను వ్రాయను వచ్చిన పిల్లలు మన కాలనీలలో వేళ్ళ మీద లెక్కింపదగినంతమందే.

నాగయ్య గారి చివరి దినాలను తలచుకొంటే మనస్సు కలుక్కుమంటుంది. ఒకనాడు దక్షిణాదిన మిక్కిలి పారితోషికం పొందిన నటులలో వారు ఒకరు. అడిగినవారికి లేదనక ఇచ్చారు. మద్రాసులో వారి ఇంట అన్నం తిని పైకి వచ్చినవారు చాలామంది అని చెబుతారు. సొంత చిత్రాలకు ధారాళంగా ఖర్చుపెట్టారు. 1964లో భక్త రామదాసు తీసి, తామే రామదాసు వేషం ధరించారు. 1965లో భారత ప్రభుత్వం వారు పద్మశ్రీ బిరుదుతో సత్కరించారు. బిరుదు వచ్చినది గాని చేతిలో డబ్బు నిలువలేదు. ఒకప్పటి నాయకుడు బ్రతుకు తెరువుకు చిన్న చిన్న పాత్రలు ధరించవలసి వచ్చినది. 1973 డిసెంబరు 30న మద్రాసులో కన్నుమూశారు. పోతన వలె, రామదాసు వలె కష్టాలు పడిన వారి వేషాలు కట్టి, ఆ కష్టాలనే స్వయంగా అనుభవించి పోయారు. తరువాత మద్రాసు పానగల్ పార్కులో వారి విగ్రహం నిలిపారు. చిత్తూరులో వారి పేర నాగయ్య కళాక్షేత్రం ఉన్నది.

మన ఊళ్ళో విగ్రహం నిలపగల శక్తి మన సంఘానికి లేదు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడిన నాటి నుండి మన కుటుంబాల స్థితి ఏమిటో అందరికీ విదితమే. కాని ఖర్చు లేని పని ఒకటి ఉన్నది. కైవారం యోగి నారేయణ తాతయ్య గారి తెలుగు కీర్తనలను, తెలుగు లిపి రానివారు కన్నడ లిపిలో అచ్చువేసుకొని నేటికీ భజనలలో పాడుతున్నారు. లిపి పోయినా పాట వారిని పట్టి ఉంచినది. అదే విధంగా ప్రతి ఏటా మార్చి 28 సాయంత్రం మన సంఘం గదిలో పిల్లలను కూర్చోబెట్టి నాగయ్య గారి చిత్రం ఒకటి చూపుదాము. మొదటి ఏడు యోగి వేమన చూపుదాము. మన ఊరికి అదే తగినది. చిత్రం ముగిసిన పిమ్మట వేమన ఎవరని ఏ బిడ్డ అడిగినా, తెలిసిన పెద్ద ఒకరు ప్రక్కన కూర్చొని చెప్పవలె. ఒక పద్యం నేర్పవలె. ఆ పద్యం వ్రాసుకోవడానికైనా ఆ బిడ్డ నాలుగు తెలుగు అక్షరాలు దిద్దుకొంటుంది.

చిత్తూరు నాగయ్య గారు మనకు ఇచ్చిపోయినది బంగారం కాదు. గనులు మూతపడినా తరగనిది. దానిని మన పిల్లలకు అందించవలసిన బాధ్యత మనది. ఈ ఉగాది మన యావన్మంది ఇళ్ళలో తెలుగు వెలుగు నింపవలెనని కోరుతూ, ఆ మహానుభావునికి మా నమస్సుమాంజలి సమర్పిస్తున్నాము.