బోదకాలు మాత్ర వెనుక భీమవరం బిడ్డ

బోదకాలు, అదే మన ఇళ్లల్లో ఫీల్‌పా అంటాం కదా, అది రాకుండా గోదావరి జిల్లాల్లో ఇంటింటికీ వచ్చి డీఈసీ మాత్రలు మింగించేవారు. ఆ మందు వెనక ఉన్నది భీమవరంలో పుట్టిన మనిషేనని మింగినవాళ్లలో ఎంతమందికి తెలుసో!

ఆయన యల్లాప్రగడ సుబ్బారావు. 1895 జనవరి 12న పుట్టారు. పేద కుటుంబం. చిన్నప్పుడు చదువు అంతంతమాత్రమే, మెట్రిక్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. ఆ తర్వాత మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. గాంధీజీ పిలుపు విని ఆపరేషన్ గదిలోకి కూడా ఖద్దరు గౌనుతోనే వెళ్లారు. తెల్లదొర ప్రొఫెసర్‌కి అది గిట్టలేదు. ఎంబీబీఎస్ రావాల్సిన మనిషికి తక్కువ స్థాయి ఎల్‌ఎంఎస్ చేతిలో పెట్టారు. ఒంటిమీది బట్టకి పడిన శిక్ష అది.

స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన సోదరుణ్ణి బలితీసుకుంది. తనకూ అదే సోకి, చావు అంచుదాకా వెళ్లొచ్చారు. కొన్నాళ్లు మద్రాసు ఆయుర్వేద కాలేజీలో అనాటమీ పాఠాలు చెప్పి, మామగారి సాయంతో 1922లో బోస్టన్ చేరారు. పగలు హార్వర్డ్‌లో చదువు, రాత్రి ఆసుపత్రిలో పోర్టర్ పని.

హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1925 నాటి ఆ పద్ధతి బయోకెమిస్ట్రీ విద్యార్థులకు ఇప్పటికీ ఇద్దరి పేర్లతోనే తెలుసు. కండరం శక్తి ఎక్కడ దాచుకుంటుందో చూపించే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ కూడా ఆ ల్యాబ్‌లోనే బయటపడ్డాయి. ఇంత చేసినా అక్కడ పర్మనెంట్ ఉద్యోగం ఇవ్వలేదు.

1940లో లెడర్లే కంపెనీకి మారారు. అసలు పంట అక్కడ పండింది. ఆయన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను ల్యాబ్‌లో తయారుచేసింది. స్ప్రూ రోగుల రక్తహీనతకు పనికొచ్చిన మందు అది! ఈరోజు గర్భిణులకు ఐరన్‌తో కలిపి ఇచ్చే మాత్రలో ఉండేదీ అదే. దానికి విరుగుడుగా పనిచేసే అమినాప్టెరిన్‌ను తయారుచేసి ఇస్తే, డాక్టర్ ఫార్బర్ బోస్టన్‌లో లుకేమియా పిల్లల మీద వాడి కొంతకాలం జబ్బు తగ్గేలా చేశారు. ఇప్పుడు కీళ్లవాతానికి కూడా రాసే మెథోట్రెక్సేట్ దాని తోబుట్టువే. డీఈసీ 1947లో వచ్చింది. మరుసటి ఏడు ఆరియోమైసిన్ వచ్చింది.

ఆ 1948 ఆగస్టులోనే న్యూయార్క్‌లో నిద్రలో గుండె ఆగిపోయింది. వయసు 53. తిరిగి వస్తారని భార్య శేషగిరి గారు ఇక్కడే ఎదురుచూస్తూ ఉండిపోయారు. బోస్టన్ వెళ్లాక ఆయన ఒక్కసారి కూడా ఇండియా రాలేదు.