మూడు రూపాయల పంతులు జాషువా

వినుకొండ: నవయుగ కవిచక్రవర్తిగా తెలుగునాట శాశ్వత కీర్తి గడించిన గుర్రం జాషువా మొదట బడిపంతులు. ‘గబ్బిలం’, ‘ఫిరదౌసి’ కావ్యాల గురించి సభల్లో గంటల తరబడి ప్రసంగించేవారు సైతం ఆయన పంతులు జీవితాన్ని ఒకటి రెండు వాక్యాలతో దాటవేస్తుంటారు. నేడు పసిపిల్లల బడి ఛాయలకు మగవారు రావడమే అరుదైపోయిన తరుణంలో ఆ అధ్యాయాన్ని ఒకమారు తిరగేయడం అవసరం.

నేటి పల్నాడు జిల్లాలోని వినుకొండలో 1895 సెప్టెంబర్ 28న వీరయ్య, లింగమ్మ దంపతులకు జాషువా జన్మించారు. తండ్రి యాదవుడు, తల్లి మాదిగ. బడిలో చేరిన నాటి నుంచే కులం పేరిట ఆయనకు అవమానాలు ఎదురయ్యాయి. బొమ్మలు గీయడం, పాటలు పాడటం చిన్ననాడే అలవడ్డాయి. బాల్యమిత్రుడు దీపాల పిచ్చయ్యశాస్త్రి సాహచర్యం కవిత్వంపై మక్కువ పెంచగా, జూపూడి హనుమచ్ఛాస్త్రి వద్ద సంస్కృత కావ్యాలు చదువుకున్నారు. బడి గాయపరిచిన బాలుడే మళ్లీ బడిలో పంతులుగా నిలబడటం గమనించదగిన విషయం.

1910లో మేరీతో వివాహమైంది. అప్పటికి ఆయన వయసు పదిహేనేళ్లు. సంసారం గడవడానికి మిషనరీ పాఠశాలలో కొలువు కుదిరింది. జీతం నెలకు 3 రూపాయలు. ఆ కాలపు పల్లె బడుల్లో పసివారి వేలు పట్టి ఓనమాలు దిద్దించడం, గుణింతాలు వల్లె వేయించడం, ఏడ్చేవాడిని బుజ్జగించి కూర్చోబెట్టడం అన్నీ పంతులు పనులే. అవి ఆడవారి పనులని నాడు ఎవరూ అనుకోలేదు. ఇరవై ఏళ్లయినా నిండని జాషువా కొంతకాలం అలా నెట్టుకొచ్చారు.

ఆ ఉద్యోగం పోయింది. బతుకుతెరువు వెతుక్కుంటూ రాజమండ్రి చేరి 1915-16లో సినిమా వాచకుడిగా పనిచేశారు. తెర మీద మూగబొమ్మలు కదులుతుంటే కథను, సంభాషణలను ప్రేక్షకులకు చదివి వినిపించడం ఆ పని. గొంతుతో జనాన్ని కూర్చోబెట్టగల నేర్పుకు బడిలో దక్కని గిరాకీ సినిమా హాలులో దక్కిందన్నమాట.

ఆ తర్వాత గుంటూరులో లూథరన్ చర్చి నిర్వహిస్తున్న ఉపాధ్యాయ శిక్షణాలయంలో చేరి పదేళ్లపాటు కాబోయే పంతుళ్లకు చదువు చెప్పారు. పల్లె బడులకు వెళ్లవలసిన యువకులను తీర్చిదిద్దిన ఈ పదేళ్లు ఆయన కవిత్వం మీద రాసిన వ్యాసాల్లో ఎందుకో కనిపించవు. 1928 నుంచి 1942 వరకు గుంటూరు ప్రభుత్వోన్నత పాఠశాలలో తెలుగు పండితులుగా ఉన్నారు. ‘ఫిరదౌసి’ 1932లో, ‘గబ్బిలం’ 1941లో వెలువడ్డాయి. అంటే పగలు తరగతి గదిలో పిల్లల మధ్య గడిపిన పండితుడే ఈ కావ్యాలను రచించారు.

పుట్టి ఎన్నాళ్లూ కాని బిడ్డను నిలువెత్తు వింతగా చూసి రాసిన ఆయన ఖండిక ‘శిశువు’. పసిబిడ్డను ఒళ్లో పెట్టుకుని చూసే చూపు అందులో ఉంది. ఆ చూపు తల్లిది మాత్రమే కాదు, తండ్రిది కూడా. ఆ పద్యాలను ఘంటసాల గానం చేయగా ‘పాపాయి పద్యాలు’గా ఇంటింటా మోగాయి.

దాదాపు అదే కాలంలో గుజరాత్‌లో గిజుభాయి బధేకా న్యాయవాద వృత్తిని వదులుకుని 1920లో భావనగర్‌లో బాలమందిరం స్థాపించారు. పసివారి నడుమ ఆయనను చూసి జనం మీసాల అమ్మ అని పిలుచుకున్నారు. లాయరుగా సంపాదన ఉన్నవారు ఆ పనికి పూనుకోవడం వేరు, 3 రూపాయల జీతంపై ఆధారపడినవారు నిలదొక్కుకోవడం వేరు. జాషువా కథలో అసలు చిక్కు ఇక్కడే ఉంది.

ఆ చిక్కు నేటికీ తీరలేదు, కాకుంటే రూపం మారింది. 1975 అక్టోబర్ 2న సమీకృత శిశు అభివృద్ధి పథకం ఆరంభమైన నాటి నుంచి అంగన్‌వాడీ కార్యకర్త కొలువు స్థానిక మహిళలకే ప్రత్యేకించారు. పల్లె ఆడవారికి ఉపాధి దొరకడం మంచిదే. అయితే రాష్ట్రంలో 2019లో పెంచిన తర్వాత సైతం వారికి దక్కింది నెలకు 11,500 రూపాయల గౌరవ వేతనం మాత్రమే. దానిని జీతమని కూడా అనరు. మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును చదువుకు పునాది దశగా 2020 జాతీయ విద్యావిధానం గుర్తించింది. ఆ పునాది వద్ద నాన్నలాంటి, మామయ్యలాంటి మనిషి ఒక్కరూ లేకుండానే మన పిల్లలు ఒకటో తరగతికి చేరుతున్నారు. తలుపు తెరిచినా, ఈ వేతనానికి మగవారు ముందుకు వస్తారా అన్నది మరో ప్రశ్న.

గుంటూరు కొలువు తర్వాత జాషువా యుద్ధ ప్రచారకులుగా, 1957-59 నడుమ మద్రాసు రేడియో కేంద్రంలో కార్యక్రమ నిర్మాతగా పనిచేశారు. 1964లో శాసనమండలి సభ్యత్వం, ‘క్రీస్తు చరిత్ర’కు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం, 1970లో పద్మభూషణ్ లభించాయి. 1971 జులై 24న గుంటూరులో కన్నుమూశారు. ఆయన కుమార్తె హేమలతా లవణం స్టూవర్టుపురంలో నేరస్థులుగా ముద్రపడిన కుటుంబాల మధ్య, జోగినుల మధ్య ఏళ్ల తరబడి పనిచేసి 2008లో మరణించారు.